మొరం బాటను దున్నుకోవద్దు

నస్పూర్ రైతు కూరగాయల గంప సైకిలుకు కట్టుకొని మంచిర్యాల అంగడికి పోవాలంటే తారు రోడ్డు మీద బొగ్గు లారీలను తప్పుకుంటూ పోవాలి. పొలాల మధ్య మంచి మొరం బాట ఉంటే ఆ భయం తగ్గుతుంది. తారే కావాలని పట్టుబట్టనక్కర లేదు. మొరం నడుమ కొంచెం ఎత్తుగా పోసి, నీళ్లు చల్లి రోలరుతో తొక్కించి, రెండు పక్కలా కాలువ తీసి, వాగు దాటేచోట తూము వేస్తే సైకిలూ, ఎడ్లబండీ సాఫీగా పోతాయి. బాట చెడేది నీళ్లు నిలిస్తేనే.

ఇటలీలోని టస్కనీలో ఇట్లాంటి తెల్ల కంకర బాటలు తారు కింద పోకుండా కాపాడాలని 1997లో ఎరోయికా అనే సైకిలు యాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు దేశదేశాల వాళ్లు అక్కడ తొక్కడానికి పోతున్నారు. మన దగ్గరికి ఎవరూ రాకున్నా సరే, మన సరుకు అంగడికి పోతే చాలు.

అసలు చిక్కు వేరే ఉంది. నక్షాలో ఉన్న బండ్ల బాటను ఏటా ఒక్కో సాలు దున్ని కలుపుకునేది మనవాళ్లే. గజం భూమి కలిసొచ్చిందనుకుంటారు. తీరా కోతలప్పుడు ట్రాక్టరు దిగక, పక్కాయన పొలంలోంచి పోనివ్వమని బతిమాలుకుంటారు. ముందుగాల బాట కొలిపించి హద్దురాళ్లు పాతించుకోవాలి.

ఇక పైసల సంగతి. 2018లో నస్పూర్ మున్సిపాలిటీ కావడంతో పల్లెల ఉపాధి హామీ పనులు దూరమయ్యాయి. 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. అయితే గనుల ప్రాంతాల కోసం 2015 చట్టంతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిని రోడ్లకూ వాడవచ్చు. బాట మీది రైతులంతా సంతకాలు చేసి, నక్షా నకలు జతపరిచి కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. వానలు పడకముందే ఇస్తే మేలు.