గమలీయేలు పాదాల చెంత

అపొస్తలుడైన పౌలు పుట్టింది కిలికియలోని తార్సు పట్టణంలో. ధర్మశాస్త్రం నేర్చుకున్నది ఎక్కడో దూరాన ఉన్న యెరూషలేములో, గమలీయేలు పాదాల చెంత (అపొ. కా. 22:3). నేటి మాటల్లో చెప్పాలంటే ఆయన రబ్బీ చదువు కోసం పరాయి చోటికి వచ్చిన విద్యార్థి. ఆయన పత్రికలను ప్రేమగా చదువుకునే మనం, వాటి వెనుక ఉన్న చదువు గురించి ఆలోచించడం తక్కువ. గూడెం కొత్తవీధి వంటి కొండ ప్రాంతాల నుంచి బైబిలు శిక్షణ కోసం మైదానాలకు వెళ్తున్న యువకులను చూస్తే, ఆ ఆలోచన ఇప్పుడు చాలా అవసరమనిపిస్తుంది.

రబ్బీ విద్యార్థులు నేటికీ దూరాలకు వెళ్లి చదువుతున్నారు. అమెరికాలో ఈ చదువు చదివేవారు చాలామంది ఒక ఏడాది యెరూషలేములో గడుపుతారు. ఉదయ ప్రార్థనతో వారి రోజు మొదలవుతుంది. ఆ తర్వాత ‘బేత్ మిద్రాష్’ అనే అధ్యయనశాలకు వెళతారు. అక్కడ నిశ్శబ్దం ఉండదు, సంతలో ఉన్నంత గోల! ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని తాల్మూదును పైకి చదువుతారు, ప్రశ్నించుకుంటారు, వాదించుకుంటారు. ఈ జంట చదువును ‘హవ్రూతా’ అంటారు. పుట మధ్యలో మూలం, ఒక పక్క 11వ శతాబ్దపు పండితుడు రాషీ వివరణ, మరోపక్క ఆయన తర్వాతివారి అభ్యంతరాలు, సమాధానాలు ఉంటాయి. అంతా హెబ్రీ, అరామిక్ భాషల్లోనే. ఒక్క పుట అర్థం కావడానికి రోజులు పట్టినా ఎవరూ సిగ్గుపడరు. శుక్రవారం పొద్దుగూకేసరికి దుకాణాలు మూతపడతాయి, బస్సులు ఆగిపోతాయి. ఆ రాత్రి ఇల్లు విడిచి వచ్చిన విద్యార్థులను స్థానిక కుటుంబాలు తమ సబ్బాతు భోజనానికి పిలుచుకుంటాయి.

ఇదంతా మనకు సంబంధం లేని దూరదేశపు ముచ్చట కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. వారు 1991లో సమాజమందిరం ఏర్పరచుకుని, హెబ్రీ నేర్చుకుంటూ వచ్చారు. వారి విశ్వాసం మనది కాకపోవచ్చు. కానీ తెలుగు పల్లెలో కూర్చుని లేఖనాల మూలభాషను అక్షరం అక్షరంగా నేర్చుకునే ఆ పట్టుదల మనకు లేకపోవడం ఆలోచించవలసిన విషయం.

గమలీయేలుకు తాతగా యూదు సంప్రదాయం చెప్పే హిల్లేలు కూడా బబులోను నుంచి యెరూషలేముకు వచ్చి చదివినవాడే. ఆయన రోజు కూలిలో సగం ఇంటికి, సగం విద్యాలయపు ద్వారపాలకుడికి ఇచ్చేవాడని తాల్మూదు చెబుతుంది. ఒకరోజు కూలి దొరకలేదు, లోపలికి రానివ్వలేదు. హిల్లేలు పైకప్పు ఎక్కి, వెలుగు కోసం ఉంచిన కిటికీ దగ్గర చెవి ఒగ్గి పాఠం విన్నాడు. రాత్రంతా మంచు కురిసి ఆయనను కప్పేసింది. తెల్లవారాక గురువులు చూసి కిందికి దించి, అది సబ్బాతు అయినా నిప్పు రాజేసి ఆయన ప్రాణం కాపాడారట. లంబసింగి చలి ఎరిగినవారికి ఈ కథ వేరే వివరించనక్కరలేదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. కొండ మీది యువకుడికి ఇంట్లో మాట కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. బైబిలు నేర్చుకునేది తెలుగులో. అంటే రబ్బీ విద్యార్థిలాగే అతడూ పరాయి భాషలో దేవుని వాక్యంతో కుస్తీ పడుతున్నాడు. మరి మనం అతడికిస్తున్నదేమిటి? కొన్ని నెలల శిక్షణ, నాలుగు ప్రసంగాల నోట్సు. తిరిగి రాగానే “ఎంతమందిని రక్షించావు?” అనే లెక్క. ప్రశ్న అడిగితే అవిశ్వాసమని ముద్ర! పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వారి మాటలు విన్నాడు, వారిని ప్రశ్నించాడు (లూకా 2:46). ప్రభువుకు తగినది మన విద్యార్థికి తగనిదెలా అవుతుంది?

చదువు ఒక్కటే చాలని కాదు. గమలీయేలు తొందరపడవద్దని మహాసభకు హితవు చెప్పాడు (అపొ. కా. 5:34-39). ఆయన శిష్యుడు సౌలు మాత్రం సంఘాన్ని పాడుచేయబోయాడు. దమస్కు దారిలో క్రీస్తు ఎదురైతేనే అతడి జ్ఞానానికి వెలుగు వచ్చింది. అయితే ప్రభువు ఆ చదువును పారవేయలేదు. సహస్రాధిపతితో గ్రీకులోను, జనంతో హెబ్రీ భాషలోను మాట్లాడిన పౌలునే (అపొ. కా. 21:37-40) అన్యజనులకు పంపాడు. రెండు భాషల మధ్య పెరిగిన మన కొండ బిడ్డలను కూడా ఆయన అలాగే వాడుకోగలడు.

పౌలు అక్క కొడుకో చెల్లెలి కొడుకో యెరూషలేములో ఉండి, ఆపదలో ఆయనను ఆదుకున్నాడు (అపొ. కా. 23:16). మన విద్యార్థులకు పట్నంలో అలాంటి అయినవారెవరు? మైదానంలోని సంఘాలారా, మీ ఊరి శిక్షణాలయంలో ఉన్న గిరిజన విద్యార్థిని ఆదివారం ఆరాధన తర్వాత మీ ఇంటికి భోజనానికి పిలవండి. కొండ మీది సంఘాలారా, ఒక్కడిని కాక ఇద్దరిని జతగా పంపండి. ప్రభువు కూడా శిష్యులను ఇద్దరిద్దరినే పంపాడు (మార్కు 6:7). మిజోరం కొండల్లో తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుని పనికి తీసిపెట్టే అలవాటు 1910లో మొదలైంది. కాఫీ గింజలు అమ్మిన రోజున మనమూ అలా కొంత తీసిపెట్టలేమా? వాక్యం నేర్చుకునేవాడు పైకప్పు మీద మంచులో పడి ఉంటే, లోపల వెచ్చగా కూర్చున్న సంఘం ఆ వాక్యాన్ని నిజంగా విన్నట్టేనా?