చెడిన ల్యాండింగును వదిలేయడమూ నేర్పాలి

2025 ఆగస్టులో ఢిల్లీకి సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని అలీగఢ్ ధనీపూర్ ఎయిర్‌స్ట్రిప్‌లో ఒక శిక్షణ విమానం దిగుతూ అదుపు తప్పి ప్రహరీ గోడను ఢీకొంది. పైలట్ ప్రాణాలతో బయటపడ్డారు. కారణం తేల్చాల్సింది దర్యాప్తే. మనం మాత్రం ఇలాంటి వార్త చూడగానే ‘కొత్త పైలట్ పొరపాటు’ అనేసి పేజీ తిప్పేస్తాం.

రన్‌వేకి కొన్ని అడుగుల ఎత్తులో విద్యార్థి విమానం ముక్కును మెల్లగా పైకెత్తి వేగం తగ్గించాలి. దీన్ని ఫ్లేర్ అంటారు. వేగం ఎక్కువగా ఉంటే విమానం దిగకుండా తేలుతూ పోతుంది. కంగారులో ముక్కు దించితే ముందు చక్రం నేలకు తగిలి బంతిలా ఎగురుతుంది. వేగం 10 శాతం పెరిగితే బ్రేకులు అణచవలసిన గతిశక్తి 21 శాతం పెరుగుతుంది. ఒంటరిగా ఎగిరే తొలిసారి ఇంకో చిక్కు ఉంది: పక్క సీట్లో శిక్షకుడి బరువుండదు కాబట్టి అలవాటైన వేగానికే విమానం ఇంకాస్త ఎక్కువ దూరం తేలుతుంది.

అప్పుడు పూర్తి పవర్ ఇచ్చి మళ్ళీ పైకి లేవాలి. గో అరౌండ్ అనే ఈ పాఠం అందరూ చదివిందే. కాని కింద తోటి విద్యార్థులు చూస్తుంటే ఆ పని చేయడానికి నామోషీ! కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు లెక్కపెడతాం. ఎన్నిసార్లు వద్దనుకుని లేచావని కూడా అడగాలి. నున్నగా దిగడం వచ్చిందా అన్నదే కాదు, చెడిన ల్యాండింగును ఎవరూ చెప్పకుండానే వదిలేశాడా అన్నది చూశాకే శిక్షకుడు విద్యార్థిని ఒంటరిగా పంపాలని నా అభిప్రాయం. ఢిల్లీలోని విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ నివేదికలు ఎవరినీ నిందించడానికి కావు. వాటిని ప్రతి కొత్త బ్యాచ్‌తోనూ, తొలి ఒంటరి ప్రయాణానికి ముందే, కూర్చోబెట్టి చదివించాలి.