పీల్చేది దుమ్మునా, కరెంటునా?

పెదవేగి మెట్ట ఎర్రదుమ్ముకు చీపురు చాలక మేమూ ఆన్‌లైన్‌లో వాక్యూమ్ క్లీనర్లు వెతికాం. పేజీ పేజీకీ పెద్దక్షరాల్లో ఒకటే డప్పు: '1600 వాట్ల పవర్'! ఏమిటా పవర్? మోటారు తాగే కరెంటు! దుమ్ము లాగే బలం వేరు. దాన్ని కిలోపాస్కల్స్‌లోనో, ఎయిర్ వాట్లలోనో చెప్పాలి. మేం చూసినవాటిలో ఆ అంకె లేదు. మీటరు తిరిగేది మనింట్లో, గొప్ప వాళ్లది! యూరప్‌లో 2017లోనే 900 వాట్ల హద్దు పెట్టారు. మన ఏలూరు ఉన్ని తివాచీ మీద ఆ తిరిగే బ్రష్ పెట్టొచ్చా? దానికీ జవాబు లేదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టంలో 10 లక్షల దాకా జరిమానా ఉంది. కంపెనీ ఢిల్లీలో ఉన్నా కొన్నవాళ్లు తమ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఉద్యోగులారా, విద్యార్థులారా! కొనేముందే ఆ పేజీని ఫొటో తీసి దాచండి. మోసపోతే 1915కు ఫోన్ చేయండి.