ఒకటే ఎంబీఏ... ఊరికో లెక్క

చైనా వాళ్లంతా ఒకేలా ఆలోచిస్తారని మనకో నమ్మకం. కానీ బిజినెస్ పీజీ ఎందుకు చేస్తున్నారో చూస్తే అక్కడా ఊరికో కారణం కనిపిస్తుంది.

ముందు హెనాన్ సంగతి. 2024లో ఆ ఒక్క ప్రావిన్స్ నుంచే కాలేజీ ఎంట్రన్స్ 'గావ్‌కావ్'కి 13 లక్షల మందికి పైగా పేర్లిచ్చారు. షాంఘైలో ఆ లెక్క అర లక్ష చిల్లర. మరి షాంఘై వెళ్లి రాసేయొచ్చుగా అంటారా? కుదరదు. మామూలుగా హుకౌ ఎక్కడుంటే అక్కడే రాయాలి. హుకౌ అంటే ఫలానా ఊరి మనిషివని ప్రభుత్వం రాసుకునే లెక్క. పిల్లల బడి, వైద్యం, పెన్షన్ అన్నీ దాంతోనే ముడిపడి ఉంటాయి. చదువు ముగించిన బయటివాళ్లకు హుకౌ ఇవ్వడానికి షాంఘై పాయింట్లు లెక్కేస్తుంది. అందులో మామూలు డిగ్రీ కంటే పీజీకి ఎక్కువ పాయింట్లు. అందుకే హెనాన్ అమ్మాయి పీజీ సీటు కోసం పుస్తకం పట్టిందంటే, జీతంతో పాటు రేపు పుట్టబోయే పిల్లల బడి గురించి కూడా ఆలోచిస్తోందన్నమాట.

వెన్‌జౌలో కథ వేరు. చెప్పులు, లైటర్లు, కళ్లజోళ్లు చేసే చిన్న ఫ్యాక్టరీలకు ఆ ఊరు పెట్టింది పేరు. ఒకే బిడ్డ నియమం పుణ్యమా అని చాలా ఇళ్లలో వారసులు ఒక్కరే. వీళ్లను 'ఫ్యాక్టరీ రెండో తరం' అంటారు. వీళ్లకు ఉద్యోగం గొడవ లేదు. నాన్న నోటి లెక్కలతో నడిపిన వ్యాపారాన్ని పద్ధతిలో పెట్టడానికి కొందరు చదువుతారు. ఫ్యాక్టరీ గేటు నుంచి రెండేళ్లు తప్పించుకోవడానికి ఇంకొందరు!

షెన్‌జెన్‌లో టెక్ ఉద్యోగులది మరో బెంగ. 35 దాటితే కంపెనీలు పక్కన పెడతాయన్న భయం. చైనాలో ఎంబీఏ చేయాలంటే డిగ్రీ తర్వాత కనీసం 3 ఏళ్ల అనుభవం ఉండాలి కాబట్టి, క్లాసులో కూర్చునేసరికే వాళ్లకు ఆ గండం దగ్గర పడుతుంటుంది. మేనేజర్ కుర్చీ ఎక్కితే కాస్త ధీమా అని వాళ్ల ఆశ.

అందరూ ఇంతే అనను. కానీ సొంతూళ్లో ఏది దొరకదో దాని కోసమే చాలామంది చదువుతున్నారని నాకనిపిస్తుంది.

"అన్నా, ఎంబీఏ చేయమంటావా?" అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువే. ఐసెట్ ఫామ్ నింపే ముందు మీరూ ఒకటి తేల్చుకోండి: ఇప్పుడు మీ దగ్గర లేనిది ఏది ఈ డిగ్రీతో వస్తుంది? జవాబు ఉంటే ఫీజు కట్టండి. "ఫ్రెండ్స్ చేరుతున్నారు" అన్నదే జవాబైతే ఓ ఏడాది ఆగండి.