పత్రిక చదివేవాడే యజమాని అయినప్పుడు

"బానిసత్వ నిర్మూలనలో పత్రికల పాత్రను చర్చించండి." ప్రాక్టీస్ కోసం ఈ ప్రశ్న ఇచ్చినప్పుడు మా స్టడీ గ్రూపులో ఆరుగురం రాసిన జవాబులు దాదాపు ఒకేలా వచ్చాయి. గారిసన్ 1831లో బోస్టన్‌లో పెట్టిన లిబరేటర్, ఫ్రెడరిక్ డగ్లస్ 1847లో తెచ్చిన నార్త్ స్టార్, మనవైపు నుంచి గాంధీజీ ఇండియన్ ఒపీనియన్, చివర్లో నాలుగో స్తంభం గురించి ఒక వాక్యం. మార్కులు పడతాయి, కాదనను. కానీ నేను ఉండేది సూరత్‌లో. మా తాతగారు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చారు. ఈ జిల్లా చరిత్ర తెలిశాక ఆ జవాబు నాకు సగమే అనిపిస్తోంది.

సూరత్‌కు పత్రికలు కొత్త కాదు. 1863లో మొదలైన గుజరాత్ మిత్ర ఇప్పటికీ వస్తోంది. ఇక్కడే పుట్టిన కవి నర్మద్ 1864లో దాండియో పత్రిక తెచ్చాడు. సంస్కర్తగా ఆయన పేరు చెప్పగానే వితంతు వివాహం, మూఢాచారాలపై పోరు గుర్తొస్తాయి. హాలీలు ఎవరికీ గుర్తురారు.

హాలీ అంటే ఎవరో మనవాళ్లకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా నోట్సుల్లో ఈ మాటే ఉండదు. హల్ అంటే నాగలి. దూబ్లా అనే ఆదివాసీ కులానికి చెందిన యువకుడు పెళ్లి ఖర్చు కోసం భూస్వామి దగ్గర అప్పు చేస్తాడు. ఆ భూస్వామి ఎక్కువగా అనావిల్ బ్రాహ్మణుడో, పాటీదారో అయి ఉంటాడు. అప్పు తీరేదాకా అతని పొలంలోనే పని. రోజుకింత ధాన్యం, గుడిసె వేసుకోవడానికి కాస్త జాగా ఇస్తారు. భార్య యజమాని ఇంట్లో ఊడ్చి, కొట్టంలో పేడ ఎత్తాలి. అప్పు తీరదు, కొడుకు పెళ్లికి మళ్లీ అప్పు. మన తెలంగాణ పల్లెల జీతగాడిని తలచుకోండి, ఆ గొలుసుకు ఇంకో రెండు ముడులు వేయండి.

1843 చట్టం మనిషిపై మనిషికి ఉన్న యాజమాన్య హక్కును కోర్టులు గుర్తించరాదని చెప్పింది. 1860 శిక్షాస్మృతి మనుషులను బానిసలుగా కొనడం, అమ్మడం నేరమని చెప్పింది. కానీ కాగితం మీద హాలీ బానిస కాడు, అప్పు తీసుకున్న మనిషి. చట్టం అతన్ని చూడలేదు. మరి పత్రిక ఎందుకు చూడలేదు?

ఇక్కడ దక్షిణాఫ్రికా దాకా వెళ్లి రావాలి. 1860 నుంచి 1911 వరకు నటాల్‌కు లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలు వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువాళ్లు. వాళ్ల వెనకే అంగళ్లు పెట్టుకోవడానికి వెళ్లిన వ్యాపారుల్లో సూరత్ జిల్లావాళ్లు చాలామంది. 1903 జూన్ 4న వచ్చిన ఇండియన్ ఒపీనియన్ మొదట ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళాల్లో వెలువడింది. 1906లో హిందీ, తమిళం ఆగిపోయాయి, గుజరాతీ నిలిచింది. తెలుగు అసలు మొదలవలేదు. అంటే చెరకు తోటలోని మనవాడి గురించి రాసిన పత్రికను చదివింది ఎక్కువగా సూరత్ సేఠ్.

అయినా ఆ పత్రికలు పనిచేశాయి. నటాల్‌కు కూలీల ఎగుమతి 1911 జూలైలో ఆగింది. ఫిజీలో 1913లో కుంతి అనే కూలీ స్త్రీ ఓవర్సీర్ బారి నుంచి తప్పించుకోవడానికి నదిలో దూకింది. ఆ ఉదంతం కలకత్తా భారత్ మిత్రలో అచ్చయ్యాక దేశమంతా భగ్గుమంది. 1917లో ఒప్పంద కూలీల ఎగుమతే నిలిచిపోయింది. ఎందుకు పనిచేశాయి? చదివేవాడు ఒకడు, తోట యజమాని ఇంకొకడు. సముద్రానికి అవతల ఉన్న తెల్ల యజమాని మీద కోపం తెచ్చుకోవడానికి మన పాఠకుడికి ఖర్చేమీ లేదు. ఇంగ్లండులో జమైకా బానిసల గురించి చదివినవాళ్లలోనూ చాలామంది పరిస్థితి ఇదే. లిబరేటర్ సంగతి కొంచెం వేరు. దాని తొలి చందాదారుల్లో ఎక్కువమంది స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతివాళ్లే. ఈ తేడా మన జవాబుల్లో ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు బార్డోలీకి వద్దాం. గాంధీజీ ఈ తాలూకాను ఎంచుకోవడానికి ఒక కారణం, ఇక్కడ దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉండటం. నటాల్‌లో అవమానం అంటే ఏమిటో తెలిసినవాళ్లు. అదే ఊళ్లలో హాలీలూ ఉన్నారు. 1928 సత్యాగ్రహం పత్రికల పరంగా గొప్ప ఘట్టం. ఉద్యమమే సొంత వార్తాపత్రిక అచ్చువేసి ఊరూరా ఉచితంగా పంచింది. యంగ్ ఇండియా, నవజీవన్ దేశమంతా చాటాయి. శిస్తు పెంపు 22 శాతం నుంచి సుమారు 6 శాతానికి దిగింది. మన నోట్సులో బార్డోలీ అక్కడితో ముగుస్తుంది. ఆ పొలాలు దున్నిన హాలీకి ఆ 16 శాతంలో ఏం దక్కిందన్న ప్రశ్న ప్రిలిమ్స్‌లో రాదు, మెయిన్స్‌లోనూ రాదు. నా ఉద్దేశంలో ఇది అజాగ్రత్త కాదు. రైతుల ఐక్యత మీద నిలబడిన ఉద్యమం ఆ రైతు ఇంటి కొట్టంలోకి తొంగిచూడటం కష్టం. ఆనాటి నాయకుల ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కానీ ఆ ఇబ్బందికి మూల్యం ఎవరు చెల్లించారో కూడా రాయాలి.

కదలిక వేరే వైపు నుంచి వచ్చింది. ఇందులాల్ యాజ్ఞిక్ ఒకప్పుడు తాను నడిపిన పత్రికను గాంధీజీకి అప్పగించినవాడు, నవజీవన్ అలా వచ్చిందే. 1930ల చివర్లో ఆయనే కిసాన్ సభ నాయకుడిగా ఈ జిల్లా హాలీల మధ్యకు వచ్చాడు. 1938లో కాంగ్రెస్ మహాసభ జరిగిన హరిపుర ఈ జిల్లాదే. మరుసటి ఏడాది బార్డోలీలో హాలీలను విడుదల చేసి కూలి ఇస్తామన్న ఒప్పందం కుదిరింది. అది త్వరలోనే నీరుగారిపోయింది. దూబ్లాలకు హల్పతి, అంటే నాగలికి అధిపతి, అనే గౌరవమైన పేరు దక్కింది. నాగలి మాత్రం దక్కలేదు. చట్టరీత్యా వెట్టి రద్దు కావడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది.

కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు పత్రిక ఏం రాసిందో చెప్పి ఆగకండి. ఎవరు చదివారు, చదివినవాడికి ఆ బానిసత్వం వల్ల లాభమా నష్టమా అని ఒక్క పేరా రాయండి.

ఇది పాత కథ అనుకుంటే, శీతాకాలంలో ఒకసారి సూరత్ నుంచి బార్డోలీ బస్సు ఎక్కండి. రోడ్డు పక్క చెరకు నరికేవాళ్ల గుడారాలు కనిపిస్తాయి. డాంగ్స్ నుంచి, ఖాందేశ్ నుంచి ముకద్దం ఇచ్చిన అడ్వాన్సు మీద వచ్చినవాళ్లు. మూడేళ్లుగా రోజూ ఉదయం రెండు గంటలు పేపరు చదువుతున్నాను. చెరకు గురించి నా నోట్సులో ఉన్నది కేంద్రం ప్రకటించే ధర, ఇథనాల్ శాతం, ఎగుమతి కోటా. అడ్వాన్సు మీద పనిచేసే మనిషి వార్త పక్కన 23వ అధికరణం, 1976 చట్టం అని రాసుకోవాలని నాకు తెలుసు. నిన్న రాత్రి ఆ నోట్సు మొదటి నుంచి తిరగేశాను. ఒక్కచోట కూడా రాసుకోలేదు.