పాటలు పాడని పెట్టెలు

మా ఆలంపూర్‌కి చుట్టాలొస్తే ముందు జోగులాంబ గుడి, తర్వాత నవబ్రహ్మల గుళ్లు. ఇంకా టైముంటే మా ఇంట్లో ముందు గది. అక్కడ ముళ్లు, గుండీలు, వరసగా సాకెట్లున్న బరువైన పెట్టెలు చూసి అందరూ అడిగేది ఒకటే: “వీటిల్ల పాటలొస్తయా?”

రావు. ఇవి పాడే రేడియోల నాడి పట్టేవి. వాల్వ్ టెస్టర్లు, సిగ్నల్ జనరేటర్లు, పాత మీటర్లు.

నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటిదాకా దాన్ని ఎక్కువమంది వాల్వ్ సెట్లలోనే విన్నారు. వాల్వ్ అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. లోపల కేథోడ్ వేడెక్కితే ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పరుగెడతాయి. మధ్యలో గ్రిడ్ కుళాయి తిప్పినట్టు ఆ ప్రవాహాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. మీ ఫోన్‌లో ట్రాన్సిస్టర్లు చేసేదీ దాదాపు ఇదే. కాకపోతే వాల్వ్‌కు ముసలితనం వస్తుంది. కేథోడ్ పూత అరిగాక ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం చేయదు. గాలి దూరితే లోపలి వెండి మచ్చ తెల్లబడుతుంది కాబట్టి ఎవరైనా పట్టేస్తారు. అరుగుదల మాత్రం కంటికి దొరకదు.

అందుకే టెస్టర్. చవక రకం ‘ఎలక్ట్రాన్లు వస్తున్నాయా’ అని మాత్రమే చూస్తుంది. ఇంగ్లండ్ వాళ్ల ఏవో, అమెరికా వాళ్ల హికాక్ లాంటివి ఇంకో మెట్టు పైన. గ్రిడ్ మీద వోల్టేజీ కొంచెం మారిస్తే ప్లేటు కరెంటు ఎంత మారుతుందో కొలుస్తాయి. కొత్త ఈఎల్84 అయితే వోల్టుకు 11 మిల్లీయాంపులకు కాస్త పైన. ముల్లు అందులో సగం దగ్గరే ఆగిపోతే ఆ వాల్వ్‌కు రోజులు దగ్గరపడ్డట్టే.

అయితే ఏ వాల్వ్‌కు ఏ పిన్ను ఎక్కడ కలపాలో, హీటర్‌కు ఎన్ని వోల్టులో చెప్పే పుస్తకం ఉండాలి. 6.3 వోల్టుల హీటర్‌కు 12.6 ఇచ్చామనుకోండి, మంచి వాల్వ్ కూడా చేతిలోనే పోతుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి మా ఊళ్లో మళ్లీ కట్టారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తు లేకపోతే అది గుడి అయ్యేదా, రాళ్ల కుప్ప అయ్యేదా? పుస్తకం లేని టెస్టరూ అంతే.

తుంగభద్ర దాటి కర్నూలు వెళ్తే అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు, ఒకప్పటి రేడియో మెకానిక్. టెస్టర్ అమ్ముతానంటే వెళ్లా. ధర దగ్గర పేచీ రాలేదు. నోట్‌బుక్ దగ్గర వచ్చింది. “డబ్బా తీస్కపో నాయనా, ఇది మాత్రం ఇయ్యను” అన్నారు. కంపెనీ పుస్తకంలో లేని వాల్వ్‌లకు ఆయన సొంతంగా కనుక్కున్న సెట్టింగులు, పెన్సిల్‌తో, 30 ఏళ్లవి. కొన్ని పేజీల్లో అంకెలు చెరిగిపోతున్నాయి. పక్కన కూర్చుని ప్రతి పేజీకి ఫోన్‌లో ఫొటో తీసుకున్నా. అర్థంకాని చోట ఆయనే చదివి చెప్పారు, నేను రికార్డు చేశా. ఆ రోజు నేను తెచ్చుకున్నవాటిలో టెస్టర్ కంటే విలువైనవి ఆ ఫొటోలే అంటాను.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో ఇలాంటి పెట్టెలు కనిపిస్తే మూత తీసి పుస్తకం, చార్టు ఉన్నాయేమో ముందు చూడండి. పాత సామాన్ల వాళ్లు ఇనుమూ రాగీ తూకమేసుకుని కాగితాలు పారేస్తారు.

అటక మీద తాతగారి రేడియో ఉందా? దయచేసి నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. పాత కండెన్సర్లు లీకై ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. తెలిసిన మెకానిక్‌తో ముందు సిరీస్ బల్బు మీద చూపించండి. లోపల 250 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో కాసేపు నిలుస్తుంది. వేలు పెట్టకండి.

ఇంకోటి, టెస్టర్ బాగుందన్న వాల్వ్ కూడా ఒక్కోసారి రేడియోలో మొరాయిస్తుంది. అప్పుడు రేడియో మాటే ఖాయం. ఆ పెద్దాయన నోట్‌బుక్‌లో అలాంటి వాల్వ్‌ల పక్కన చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది.