మందు పడలేదంటే మొండితనం కాదు

"ఈ మాత్రలు నాకు పడట్లేదక్కా" అంది మా తోడికోడలు, వంటింటి గుమ్మంలో నిలబడి. రెండో కాన్పు తరువాత ఆమెను దిగులు పట్టుకుంది. డాక్టరుగారు డిప్రెషన్ అని మాత్రలు రాశారు. వారం తిరక్కుండానే కడుపులో తిప్పడం, చేతులు వణకడం, పగలంతా మగత. "పక్కింటావిడ ఇదే మాత్ర వేసుకుని చక్కగా తిరుగుతోందిగా!" అన్నాం ఇంట్లోవాళ్ళం. సిగ్గు విడిచి చెబుతున్నాను, అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. దిగులు రెట్టింపైంది.

వంకాయ ఒకరికి పడుతుంది, ఇంకొకరికి దురద పెడుతుంది. ఆ సంగతి ఒప్పుకుని వాళ్ళకి వేరే కూర వండుతాం. మరి మనసుకిచ్చే మందు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఒప్పుకోం?

దీనికి శాస్త్రం చెప్పే కారణం ఉంది. మనం మింగిన మాత్రని కాలేయంలోని ఎంజైములు విరగ్గొడతాయి. సి.వై.పి.2సి19, సి.వై.పి.2డి6 అనే రెండు ఎంజైములకి డిప్రెషన్ మందులు చాలావాటితో పని ఉంది. అవి ఎంత చురుగ్గా ఉండాలో పుట్టుకతో వచ్చిన జన్యువులు నిర్ణయిస్తాయి. నెమ్మదిగా పనిచేస్తే మందు ఒంట్లో పేరుకుని బాధ పెడుతుంది. మరీ వేగంగా పనిచేస్తే మందు నిలవక గుణం కనిపించదు. 2సి19 నెమ్మదిగా ఉన్నవారికి సిటాలోప్రామ్ రోజుకు 20 మిల్లీగ్రాములు మించవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. ఈ తేడాను కాస్త రక్తంతోనో లాలాజలంతోనో చేసే జన్యు పరీక్ష పట్టి ఇస్తుంది.

ఒక మందు విషయంలో ఇది ప్రాణానికి సంబంధించిన మాటే. మూర్ఛకీ, కొన్ని మానసిక జబ్బులకీ వాడే కార్బమాజెపైన్ కొందరిలో ఒళ్ళంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోయే ప్రమాదం తెస్తుంది. దానికీ ఒక జన్యువుకీ ఉన్న లంకెను 2004లో తైవాన్ పరిశోధకులు బయటపెట్టారు. ఆ జన్యువు ఆసియా వాళ్ళలో ఎక్కువ. అందుకే 2007లో అమెరికా సంస్థ, ఆసియా సంతతివారికి ఆ మందు మొదలుపెట్టే ముందే పరీక్ష చేయమంది.

అలాగని పరీక్ష చేయిస్తే సరిపోయే మందు పేరు చీటీలో రాసి వస్తుందనుకుంటే పొరపాటు. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రులలో సుమారు 1,900 మందిపై జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. పరీక్ష చూసి మందు రాస్తే, పడని మందు రాయడం తగ్గింది. కానీ 24 వారాలయ్యేసరికి జబ్బు నయమైనవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ పరీక్షల పేరిట చేసే పెద్ద పెద్ద ప్రకటనలు నమ్మి సొంతంగా మందులు మార్చుకోవద్దని 2018లోనే ఆ దేశం హెచ్చరించింది.

ఇంకో భయం నాది. రేపు ఈ కాగితం పెళ్ళిచూపుల్లో జాతకంలా తిరగకూడదు. అది మందును ఒళ్ళు ఎలా అరిగించుకుంటుందో చెబుతుందే తప్ప, పిల్లకి పిచ్చి ఉందనో, వస్తుందనో చెప్పదు. మానసిక రోగి వివరాలు గోప్యంగా ఉండాలని మన 2017 చట్టమే అంటోంది.

మా తోడికోడలికి చివరికి పరీక్ష అవసరం పడలేదు. ఈసారి నేను తోడు వెళ్ళాను. ఆమె ఏ రోజు ఏ బాధ పడిందో చెబుతుంటే డాక్టరుగారు ఓపిగ్గా విని మాత్ర మార్చారు, మోతాదు తగ్గించి మొదలుపెట్టారు. రెండు మూడు మందులు పడనివారు మాత్రం "జన్యు పరీక్ష నాకు పనికొస్తుందా?" అని డాక్టర్ని నిస్సంకోచంగా అడగాలి. అంతవరకూ మాత్రలు ఉన్నపళాన మానకూడదు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది.

అన్నిటికంటే ముందు, ఇంట్లో ఒక ఆడది "నాకు పడట్లేదు" అంటే నమ్ముదాం. ఆ నమ్మకానికి ఏ లాబొరేటరీ రిపోర్టూ అక్కర్లేదు.